ఇల్లు మారాక కంప్యూటర్ ఆన్ కాకపోతే

సామాను దింపారు, వైర్లన్నీ తగిలించారు, బటన్ నొక్కారు. కంప్యూటర్ ఉలకదు, పలకదు. లేదంటే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర మీద ఏమీ రాదు. పాత ఇంట్లో ఆఖరి రోజు దాకా శుభ్రంగా పనిచేసినది ఇలా మొరాయిస్తే మొదట వచ్చే అనుమానం మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ తగిలి ఉండే పెద్ద బోర్డు, కాలిపోయిందేమోనని. కానీ దారి పొడవునా దానికి కరెంటే లేదు. తగిలినవల్లా కుదుపులు, ఒత్తిడి, చలి, తేమ. ఇవి భాగాల్ని పాడుచేసేదాని కంటే ఉన్న చోటు నుంచి కదిలించేదే ఎక్కువ. అందుకే ప్రతి జాయింటునీ ఒకసారి విప్పి మళ్లీ బిగించి చూసేదాకా కొత్త భాగం ఏదీ కొనకండి.

ఇంకో మాట కూడా మొదట్లోనే. ఒక్కసారికి ఒక్కటే మార్చి, బటన్ నొక్కి చూడండి. ర్యామ్ (తాత్కాలిక మెమరీ స్టిక్కులు), గ్రాఫిక్స్ కార్డు (తెరకి బొమ్మ పంపేది), కేబుళ్లు అన్నీ ఒకేసారి పీకి పెడితే కంప్యూటర్ ఆన్ అవ్వొచ్చు గానీ తప్పు ఎక్కడుందో తెలియదు. వారం తర్వాత మళ్లీ అదే కథ మొదలవుతుంది.

తేమ ఆరనివ్వండి

చలిలో గంటల తరబడి లారీలో ఉన్న క్యాబినెట్‌ని (కంప్యూటర్ డబ్బాని) వెచ్చటి గదిలోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే లోపలి లోహం మీద చెమ్మ పడుతుంది. ఆ చెమ్మతో కరెంటు ఇస్తే అప్పటిదాకా బాగున్న బోర్డు నిజంగానే షార్ట్ అవుతుంది. క్యాబినెట్ ఒళ్లు గది వేడికి వచ్చేదాకా, కనీసం నాలుగు గంటలు, ప్లగ్గు పెట్టకుండా ఉంచండి. వానలో తడిసిందన్న అనుమానం ఉంటే పక్క తలుపు తీసి, ఫ్యాను గాలి తగిలేలా ఒక రోజంతా వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి మాత్రం వద్దు. అది చెమ్మని ఇంకా లోపలికి తోస్తుంది.

ముందు జబ్బు ఏ రకమో తేల్చుకోండి

ఆన్ కావడం లేదనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. మొదటిది, అసలు ప్రాణమే లేకపోవడం: లైటు లేదు, ఫ్యాను లేదు, శబ్దం లేదు. రెండోది, లైట్లు వెలిగి ఫ్యాన్లు తిరిగినా తెర నల్లగానే ఉండిపోవడం. మూడోది, ఆన్ అయిన కొన్ని సెకన్లకే ఆగిపోవడం, లేదా ఆగి దానంతటదే మళ్లీ మొదలవుతూ ఉండడం. నాలుగోది, కంపెనీ లోగో వచ్చాక ఏదో ఎర్రర్ చూపించి విండోస్ దాకా వెళ్లకపోవడం. మీది వీటిలో ఏదో తేలితే సగం పని అయినట్టే. మొదటిదానికి కరెంటు దారి చూడాలి. రెండోదానికి ర్యామ్, డిస్‌ప్లే. మూడోదానికి సీపీయూని (లెక్కలు చేసే ప్రధాన చిప్పుని) చల్లబరిచే కూలర్, సీపీయూకి వచ్చే కరెంటు, షార్ట్. నాలుగోదానికి బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగులు, డిస్క్.

పని మొదలుపెట్టే ముందు కీబోర్డు, మౌసు, మానిటర్ తప్ప మిగతావన్నీ తీసేయండి. ప్రింటర్, పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్, వెబ్‌క్యామ్, యూఎస్‌బీ హబ్ ఏవీ ఉండకూడదు. మరిచిపోయిన పెన్‌డ్రైవ్ ఒక్కటి చాలు, బయోస్ దాని నుంచే విండోస్ వెతకబోయి అక్కడే నిలిచిపోతుంది.

ప్రాణమే లేకపోతే

గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి. అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపో, ఫోన్ ఛార్జరో పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్టెబిలైజర్, యూపీఎస్ పక్కన పెట్టి కంప్యూటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కే కలపండి. వారం పది రోజులు ఛార్జింగ్ లేకుండా పడి ఉన్న యూపీఎస్‌ని నమ్మలేం. కొన్ని మోడళ్లు బ్యాటరీ పూర్తిగా దిగిపోతే గోడ నుంచి కరెంటు వస్తున్నా లోడుకి ఇవ్వవు.

తర్వాత పవర్ కేబుల్. ఎస్‌ఎంపీఎస్‌లోకి (గోడ కరెంటుని లోపలి భాగాలకి తగినట్టు మార్చి ఇచ్చే డబ్బాలోకి) వెళ్లే మూడు పిన్నుల కొస గట్టిగా నొక్కితే చివరి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది. ఆ కాస్త దిగకపోవడం వల్లే చాలా కంప్యూటర్లు చచ్చినట్టు కనిపిస్తాయి. ఈ కేబులూ మానిటర్ కేబులూ సాధారణంగా ఒకే రకం కాబట్టి రెండూ తారుమారు చేసి చూడండి. మానిటర్ వెలుగుతూ కంప్యూటర్ వెలగకపోతే కేబుల్ నిర్దోషి.

క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్ పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది. నిలువు గీత గుర్తు వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. మూటలు కట్టేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని ఆఫ్ చేస్తారు, లేదా దుప్పటి చుట్టేటప్పుడు దానంతటదే పడుతుంది. విప్పేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

పాత ఎస్‌ఎంపీఎస్‌లలో దాని పక్కనే ఎర్రటి జారుడు స్విచ్ కూడా ఉంటుంది, మీద 115 అనో 230 అనో కనిపిస్తుంది. దీంతో జాగ్రత్త. 220 నుంచి 240 వోల్టుల కరెంటున్న చోట అది 115 మీద ఉండగా ఆన్ చేస్తే లోపలి కెపాసిటర్లు (ఛార్జ్ నిల్వ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఢామ్మని పేలి ఎస్‌ఎంపీఎస్ పోతుంది. తిరగేసి 110, 120 వోల్టుల చోట 230 మీద ఉంటే పాడవదు గానీ ఆన్ కాదు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారినవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. అలాంటి స్విచ్ లేకుండా లేబుల్ మీద 100–240 అని ఉంటే అది తనంతట తానే సర్దుకుంటుంది, బెంగ అక్కర్లేదు.

ఇంతవరకూ అన్నీ బాగుంటే ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ని 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద మిగిలిన ఛార్జ్ దిగిపోతుంది. రెండు నిమిషాలాగి ప్లగ్గు పెట్టి చూడండి. ఎస్‌ఎంపీఎస్ ఏదైనా కారణంగా రక్షణ స్థితిలోకి వెళ్లి తాళం వేసుకుని ఉంటే ఇలా విడుదలవుతుంది. ల్యాప్‌టాప్‌కీ ఇదే వైద్యం: ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి, ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి.

క్యాబినెట్ తెరిచేటప్పుడు

ప్లగ్గు తీసేశాక స్క్రూలు విప్పండి. తాకే ముందు లోపల ఉన్నదంతా ఫోన్‌తో నాలుగైదు ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడ ఉండేదో తర్వాత మీకు చెప్పేవి అవే. క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టండి, మదర్‌బోర్డు కింద, తెరిచిన వైపు పైకి ఉండాలి. ఇలా పడుకోబెట్టగానే గ్రాఫిక్స్ కార్డు, కూలర్ బరువు సాకెట్ల మీద వేలాడకుండా నిలుస్తుంది. వేళ్లతో ఏదైనా ముట్టుకునే ముందు, మధ్య మధ్యలో కూడా, పెయింట్ లేని లోహాన్ని ఒకసారి తాకండి. పొడి వాతావరణంలో, తివాచీ మీద నడిచినప్పుడు ఒంట్లో చేరే స్టాటిక్ ఛార్జ్ మీకు తెలియకుండానే చిప్పుని చంపగలదు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. అది మనిషిని చంపుతుంది.

లోపల ముందు కళ్లతో చూడండి. టార్చి వేసి, రాలిపడిన స్క్రూ ఏమైనా ఉందా, బోర్డు వెనక్కి జారిందా, క్యాబినెట్‌ని మెల్లగా ఊపితే ఏదైనా గలగలమంటోందా అని గమనించండి. బోర్డు కింద ఇరుక్కున్న ఒక్క స్క్రూ మొత్తం కంప్యూటర్‌ని ఆపేస్తుంది. కెపాసిటర్ల పైకప్పులు బల్లపరుపుగా ఉండాలి. ఉబ్బినా, చీలినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు రోజులు దగ్గరపడ్డట్టే.

తర్వాత చేతి పని. మదర్‌బోర్డు కుడి అంచున ఉండే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ని కొక్కెం నొక్కి పూర్తిగా బయటికి తీసి, టక్ మనేదాకా మళ్లీ దింపండి. పైన ఎడమ మూలలో సీపీయూ దగ్గర ఉండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్‌నీ అలాగే చేయండి. రెండోది కూలర్ చాటున ఉంటుంది కాబట్టి చాలామంది దాని జోలికే వెళ్లరు. అది వదులైతే ఫ్యాన్లు తిరుగుతాయి, సీపీయూ మాత్రం లేవదు. పైపైన నొక్కి వదిలేస్తే చాలదు. విప్పి పెట్టినప్పుడే లోహం లోహాన్ని రాసుకుని పట్టిన పొర చెదురుతుంది.

అయినా ప్రాణం రాకపోతే అనుమానం పవర్ బటన్ మీదికి వెళ్తుంది. క్యాబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్నటి వైర్లు బోర్డు కింది కుడి మూలలో చిన్న పిన్నులకి తగులుతాయి. వాటిలో పవర్ స్విచ్ వైరు రెండు పిన్నులది. బోర్డు మాన్యువల్‌లో ఆ రెండు పిన్నులు ఏవో చూసి, వైరు పీకి, ప్లగ్గు పెట్టి, స్క్రూడ్రైవర్ కొసతో ఆ రెంటినీ ఒక్క సెకను కలపండి. ఆన్ అయితే బోర్డు బాగుంది, బటన్ పాడైంది. అప్పుడు రీసెట్ బటన్ వైరుని పవర్ పిన్నులకి తగిలిస్తే చాలు, రీసెట్టే పవర్ బటన్‌గా పనిచేస్తుంది. స్విచ్ వైర్లకి ప్లస్సు మైనస్సు పట్టింపు లేదు, లైట్ల వైర్లకి ఉంటుంది.

ముందువైపు యూఎస్‌బీ పోర్టుల్లోకి కూడా తొంగి చూడండి. సామాను ఒరుసుకుని లోపలి ప్లాస్టిక్ నాలుక వంగి, పిన్నులు ఒకదానికొకటి తగిలితే 5 వోల్టుల లైను షార్ట్ అవుతుంది. కొన్ని బోర్డులు దీనికి ఓవర్ కరెంట్ అని రాసి 15 సెకన్లలో ఆఫ్ అవుతామని హెచ్చరిస్తాయి, కొన్ని అసలు లేవవు. బోర్డు నుంచి ఆ ముందు పోర్టుల వైరు తీసేసి ప్రయత్నించండి.

ఎస్‌ఎంపీఎస్ బతికే ఉందా

మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) ఉంటే ఇది అయిదు నిమిషాల పని. కంప్యూటర్ ప్లగ్గు పెట్టి వెనక స్విచ్ ఆన్‌లో ఉంటే, బటన్ నొక్కకముందే 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదారంగు వైరుకీ నల్ల వైరుకీ మధ్య 5 వోల్టులు ఉండాలి, 4.75 నుంచి 5.25 లోపు. అది లేకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయింది, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

అది ఉంటే తర్వాతి పరీక్ష. ప్లగ్గు తీసి, 24 పిన్నుల కనెక్టర్‌తో సహా బోర్డుకీ డిస్కులకీ కార్డుకీ వెళ్లే వైర్లన్నీ ఊడదీయండి. ఒక క్యాబినెట్ ఫ్యాను మాత్రం నేరుగా ఎస్‌ఎంపీఎస్ వైరుకి తగిలించి ఉంచితే మంచిది. ఇప్పుడు ఆకుపచ్చ వైరు రంధ్రాన్నీ పక్కనే ఉన్న నల్ల వైరు రంధ్రాన్నీ ఒక పేపర్ క్లిప్పుతో కలిపి, చేయి తీసేసి, అప్పుడు కరెంటు ఇవ్వండి. ఫ్యాను తిరగాలి. పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 వోల్టులు చూపించాలి. వైర్లన్నీ నల్లగా ఉండే కొత్త రకాల్లో ఆకుపచ్చ స్థానం 16వ పిన్ను. ఏది ఎన్నోదో మాన్యువల్ బొమ్మలో చూసుకోకుండా ఊహించి కలపకండి. ఫ్యాన్ల శబ్దం అవసరం లేనప్పుడు ఆగిపోయేలా చేసిన మోడళ్లలో ఎస్‌ఎంపీఎస్ సొంత ఫ్యాను తిరగకపోయినా తప్పు కాదు. అందుకే బయటి ఫ్యాను తగిలించమన్నది.

ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా బాగుందని కాదు, లోడు పడితే కుంగేవి కూడా ఉంటాయి. ఓడితే మాత్రం తీర్పు ఖాయం. ఏళ్ల తరబడి రోజూ వెచ్చగా నడిచిన పాతది కొన్ని రోజులు చల్లబడ్డాక లేవకపోవడం కొత్త కాదు. వయసైన కెపాసిటర్లు చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ బలహీనంగా ఉంటాయి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది

క్యాబినెట్ తెరవకముందే చూడాల్సింది మానిటర్ కేబుల్ ఎక్కడికి వెళ్తోందన్నది. వెనక రెండు చోట్ల హెచ్‌డీఎంఐ సాకెట్లు కనిపిస్తాయి. పైన నిలువుగా యూఎస్‌బీల పక్కన ఉన్నది మదర్‌బోర్డుది, కింద అడ్డంగా ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్ కార్డుకే పెట్టాలి. కొత్త ఇంట్లో బల్ల కింద చీకట్లో చేయి పెట్టి తడుముతూ తగిలించేటప్పుడు జరిగే పొరపాట్లలో దీన్ని మించింది లేదు. కొన్ని సీపీయూలకి బొమ్మ ఇచ్చే భాగమే ఉండదు, మదర్‌బోర్డు సాకెట్ ఉన్నా అది ఉత్త కన్నమే.

తర్వాత మానిటర్ మెనూలో ఇన్‌పుట్‌ని చేత్తో ఎంచుకోండి. హెచ్‌డీఎంఐ 1లో కేబుల్ పెట్టి, డిస్‌ప్లే పోర్ట్ ఎంపికలో ఉంటే తెర రోజంతా నల్లగానే ఉంటుంది. డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ అయితే ఒకసారి రెండు కొసలూ తీసి, మానిటర్‌ని గోడ దగ్గర ఆఫ్ చేసి, నిమిషం ఆగి మళ్లీ పెట్టండి.

ఇక ర్యామ్. ఇల్లు మారిన కంప్యూటర్లలో లోపలి తప్పుల్లో మొదటి అనుమానం దీని మీదే. ఒక్క మిల్లీమీటరు వంతు లేచినా వందల కాంటాక్టుల్లో ఏదో ఒకటి తప్పుతుంది, బోర్డు మొదటి అడుగులోనే ఆగిపోతుంది. ప్లగ్గు తీసి, స్లాటు కొసల్లోని కొక్కేలు వెనక్కి వంచి, స్టిక్కుల్ని నిటారుగా పైకి లాగండి. కొన్ని బోర్డుల్లో కొక్కెం ఒక కొసనే ఉంటుంది, రెండో వైపు పగలదీయకండి. బంగారు రంగు కాంటాక్టుల్ని 90 శాతం, అంతకు మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో ఒకే దిశలో తుడవండి. అది లేకపోతే మెత్తటి తెల్ల రబ్బరుతో సున్నితంగా రుద్ది, పొడి అంతా దులిపేయండి. పొడి స్లాటులో పడితే కొత్త తలనొప్పి. పెన్సిల్ వెనక ఉండే గరుకు రబ్బరు పూతని గీరేస్తుంది, వాడకండి.

తిరిగి పెట్టేటప్పుడు ఒక్క స్టిక్కే పెట్టండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావరకు సీపీయూ నుంచి లెక్కపెడితే రెండో స్లాటు దాని చోటు. మీ బోర్డు ఏం అడుగుతుందో మాన్యువల్ చెబుతుంది. గాటు సరిపోయేలా పట్టుకుని రెండు బొటనవేళ్లతో రెండు కొసల్నీ సమానంగా నొక్కండి. భయపడేంత బలం పెట్టాల్సి వస్తుంది, అది మామూలే. టక్ అని వినిపించి కొక్కెం తనంతట తానే మూసుకోవాలి. మీరు వేలితో మూసిన కొక్కెం లెక్కలోకి రాదు. ఆన్ కాకపోతే అదే స్లాటులో రెండో స్టిక్కు, తర్వాత వేరే స్లాటులో. ఒక స్టిక్కు అన్ని చోట్లా విఫలమైతే స్టిక్కు పాడైనట్టు. రెండు స్టిక్కులూ ఒకే స్లాటులో విఫలమైతే స్లాటుదే తప్పు. రెండూ పనిచేస్తే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టేయండి.

డీడీఆర్5 (కొత్త తరం) ర్యామ్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. ర్యామ్ తీసి పెట్టినా, బయోస్ రీసెట్ చేసినా బోర్డు ర్యామ్‌ని కొత్తగా సరిచూసుకుంటుంది. దానికి చాలా నిమిషాలు పడుతుంది, తెర నల్లగానే ఉంటుంది. ఓపిక పట్టలేక మధ్యలో ఆఫ్ చేస్తే అది మళ్లీ మొదటికొస్తుంది. 15 నిమిషాలు దాన్ని దాని మానాన వదిలేయండి.

ర్యామ్‌తో తేలకపోతే గ్రాఫిక్స్ కార్డు. కిలో బరువున్న కార్డు దారి పొడవునా గోతుల్లో ఊగి ఉంటుంది. వెనక స్క్రూలు విప్పి, స్లాటు చివర ఉండే చిన్న కొక్కేన్ని నొక్కి పట్టి కార్డుని పైకి తీయండి. కొక్కెం నొక్కకుండా లాగితే స్లాటే ఊడొస్తుంది. కాంటాక్టులు తుడిచి మళ్లీ దింపి, కార్డుకి వెళ్లే పవర్ కనెక్టర్లన్నీ చివరిదాకా నొక్కండి. 16 పిన్నుల కొత్త రకం కనెక్టర్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. సగం దిగిన ఆ కనెక్టర్ వేడెక్కి కరిగిపోవచ్చు. సీపీయూలోనే బొమ్మ ఇచ్చే భాగం ఉంటే కార్డు పూర్తిగా తీసేసి, కేబుల్‌ని మదర్‌బోర్డుకి పెట్టి చూడండి. బొమ్మ వస్తే తప్పు కార్డుదో దాని పవర్‌దో.

బోర్డు తనంతట తానే చెప్పే గుర్తుల్ని కూడా చదవండి. చాలా బోర్డుల అంచున సీపీయూ, డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ (విండోస్ ఉన్న డిస్క్) అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఆసుస్ దీన్ని క్యూ-ఎల్ఈడీ అంటే, ఎంఎస్ఐ ఈజీ డీబగ్ ఎల్ఈడీ అంటుంది. ఏది ఆరకుండా నిలిచిపోతే బోర్డు ఆ దగ్గరే ఆగినట్టు. బీప్ శబ్దాలిచ్చే బోర్డులకి చిన్న స్పీకర్ తగిలించి ఉండాలి, కొత్త క్యాబినెట్లలో అది తరచుగా ఉండదు. బీప్‌ల అర్థం బయోస్ తయారీదారుని బట్టి మారుతుంది. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే డిస్‌ప్లే కార్డు. ఇంకో బయోస్‌లో అదే లెక్క వర్తించదు.

ఆన్ అయి ఆగిపోతుంటే

ముందు కూలర్‌ని వేలితో పట్టుకుని మెల్లగా కదపండి. రవ్వంత కూడా ఊగకూడదు. ఇంటెల్ సీపీయూలతో వచ్చే కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ గుబ్బలుంటాయి. కుదుపులకి ఒకటో రెండో లేచిపోవడం వీటికి మామూలు. గుబ్బ మీది బాణాన్ని మొదటి స్థానానికి తిప్పి, ఎదురెదురు మూలలు జతగా టక్ మనేదాకా నొక్కండి. కూలర్ ఒకసారి సీపీయూ నుంచి లేచిందంటే మధ్యలోని పేస్టు (వేడిని కూలర్‌కి చేరవేసేది) పనికిరాదు. పాతది ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి కూలర్ దింపండి. ఏఎండీ ఏఎం4 రకం సాకెట్ ఉన్న బోర్డుల్లో కూలర్‌ని ఒక్క ఉదుటున పైకి లాగకండి. పేస్టు గట్టిపడి సీపీయూ కూడా సాకెట్లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. స్క్రూలు వదులు చేశాక కూలర్‌ని కుడికీ ఎడమకీ కొద్దిగా తిప్పుతూ, పట్టు వదిలాక పైకి తీయండి.

కూలర్ ఫ్యాను వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకే తగలాలి. అక్కడ ఫ్యాను కనిపించకపోతే కొన్ని బోర్డులు సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ చూపి ఆగిపోతాయి.

కూలర్ గట్టిగానే ఉండి ఇంకా ఆగిపోతుంటే షార్ట్‌ని అనుమానించండి. బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అట్టపెట్టె మీద పెట్టి, సీపీయూ, కూలర్, ఒక ర్యామ్ స్టిక్కు, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే తగిలించి, అవసరమైతేనే కార్డు పెట్టి, పవర్ పిన్నులు స్క్రూడ్రైవర్‌తో కలిపి ఆన్ చేయండి. యాంటీ స్టాటిక్ కవరు మీద పెట్టకండి, అది కొంత కరెంటుని ప్రవహించనిస్తుంది. అట్ట మీద పనిచేసి క్యాబినెట్‌లో పనిచేయకపోతే బోర్డు వెనక ఏదో తగులుతోంది: రాలిన స్క్రూ, అక్కర్లేని చోట ఉన్న ఇత్తడి స్టాండ్, నొక్కుకుపోయిన క్యాబినెట్ రేకు. సీపీయూని మాత్రం ఊరికే తీసి పెట్టకండి. అది ప్రయాణంలో కదలదు, మీ చేతిలోనే పిన్నులు వంగే ప్రమాదం ఉంది.

లోగో వచ్చి ఆగిపోతే

ఇక్కడ అసలు దోషి తరచుగా మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్లు, సీఆర్2032. దీని లెక్క చిత్రంగా ఉంటుంది. గోడ ప్లగ్గు పెట్టి ఉన్నంత కాలం ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటే బయోస్ సెట్టింగుల్ని కాపాడుతుంది, సెల్లు చచ్చిపోయి ఏళ్లయినా ఎవరికీ తెలియదు. ఇల్లు మారేటప్పుడు ప్లగ్గు తీసి రెండు రోజులు పక్కన పెడితే సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సెల్లు తీసి మల్టీమీటర్‌తో చూస్తే 3 వోల్టులు ఉండాలి. 2.8 కంటే తగ్గితే కొత్తది వేయండి, రాత ఉన్న ప్లస్ వైపు పైకి. తేదీ సరిచేయకుండా వదిలేస్తే విండోస్ లేచినా వెబ్‌సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్లు చూపిస్తాయి.

సెట్టింగులు పోయినప్పుడు విండోస్ లేవకపోవడానికి మూడు చోట్లు చూడాలి. బూట్ క్రమంలో విండోస్ బూట్ మేనేజర్ ఉన్న డిస్క్ మొదట ఉందా. బూట్ విధానం ముందున్నట్టే యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అయి ఉందా, లేక పాత పద్ధతి లెగసీకి మారిందా. విండోస్ ఏ విధానంలో ఎక్కించారో ఆ విధానంలోనే లేస్తుంది. మూడోది డిస్క్ కంట్రోలర్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి: ఏహెచ్‌సీఐ నుంచి రైడ్‌కో, ఇంటెల్ కొత్త బోర్డుల్లో వీఎండీకో మారితే విండోస్ నీలం తెర మీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని చూపి మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. ఇలాంటప్పుడు డిస్క్ పోయిందనుకుని ఫార్మాట్ చేసేవాళ్లున్నారు. డేటా అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది. కంట్రోలర్ సెట్టింగ్ తిరిగి మారిస్తే చాలు.

బయోస్ మారినప్పుడు నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడగడం కూడా మామూలే. 48 అంకెల ఆ కీ ఎక్కువసార్లు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దాచి ఉంటుంది, ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి చూడండి. ఇంకా ఇల్లు మారనివాళ్లు ఇది చదువుతుంటే ప్లగ్గు పీకకముందే ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. కీ పోతే డేటా పోయినట్టే, దానికి దొడ్డిదారి లేదు.

బయోస్‌లో డిస్క్ పేరే కనిపించకపోతే డిస్క్‌కి తగిలే సాటా కేబుళ్ల దగ్గరికి రండి. సన్నటి డేటా కేబుల్ రెండు కొసలూ, వెడల్పాటి పవర్ కొసా తీసి పెట్టండి. కొక్కెం లేని పాత డేటా కేబుళ్లు చిన్న కుదుపుకే జారతాయి. కేబుల్‌నీ, బోర్డు మీది పోర్టునీ మార్చి చూడండి. ఎం.2 డిస్క్ (బోర్డు మీదే పడుకుని ఉండే సన్నటి పట్టీ) అయితే చివరి స్క్రూ విప్పితే కొద్దిగా వాలుగా లేస్తుంది. బయటికి లాగి, అదే వాలులో పూర్తిగా లోపలికి తోసి, పడుకోబెట్టి స్క్రూ బిగించండి.

పాత తిరిగే హార్డ్‌డిస్క్ దగ్గర చెవి పెట్టి వినండి. మెల్లటి హుమ్మనే శబ్దం మామూలు. టిక్, టిక్ అని ఒకే లయలో కొట్టుకుంటూ ఉన్నా, గీరినట్టు వినిపించినా వెంటనే కరెంటు తీసేయండి. రీడ్ చేసే హెడ్ దెబ్బతిని ఉంటుంది, తిప్పిన ప్రతి నిమిషం పళ్లెం మీది డేటాని గీకేస్తూ ఉంటుంది. ఇంకొక్కసారి ఆన్ చేసి ఫైళ్లు కాపీ చేద్దామనే ఆశ అప్పుడు పనికిరాదు. అందులో మళ్లీ దొరకని ఫొటోలో, కాగితాలో ఉంటే డిస్క్‌ని అలాగే తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వండి. దానికి తిరిగి కరెంటు పెట్టేది వాళ్లే అవ్వాలి.